దవావో పూటకూళ్లింట్లో



కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర బయలుదేరి, నంద్యాల, ప్రొద్దుటూరు మీదుగా కడప ఏడురోడ్ల కూడలి దాకా రండి. దోవ పొడుగునా ఉగ్గాని బజ్జీ బండ్లు, కారం దోసె పెనాలు, రాగిసంగటి నాటుకోడి బోర్డులు, బిర్యానీ డేగిశాలు కనబడతాయి. నూడుల్స్ బండ్లు కూడా సందుసందుకీ వచ్చేశాయి. ఫిలిప్పీన్స్ భోజనం అన్న బోర్డు మాత్రం కనబడదు. అయినా ఈ రోజు నేను చెప్పబోయేది ఆ భోజనం గురించే. ఎందుకంటే ఆ దేశానికి పిల్లల్ని పంపిన ఇళ్లు మన ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో చాలా ఉన్నాయి. మెడిసిన్ చదువు కోసం మన పిల్లలు మనిలాకు, సెబూకు, ముఖ్యంగా దవావోకు ఏళ్ల తరబడి వెళ్తున్నారు. 1976లో మొదలైన దవావో మెడికల్ స్కూల్ ఫౌండేషన్ పేరు మన ఊళ్లలో తల్లిదండ్రుల నోట వినబడే పేరే. 2020 మార్చిలో కరోనా వచ్చి దారులు మూసుకుపోయినప్పుడు, మనిలా నుంచి బయలుదేరి కౌలాలంపూర్ విమానాశ్రయంలో చిక్కుకుపోయిన విద్యార్థుల్లో తెలుగు పిల్లలు ఎందరో. వాళ్లను తీసుకురావడానికి విశాఖపట్నానికి ప్రత్యేకంగా విమానం నడిపారు. ఆ వారమంతా మన ఇళ్లలో టీవీల ముందు ఎంత కలత పడ్డామో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

అక్కడికి పోయే పిల్లల పెట్టెలు మీరు చూసే ఉంటారు. సగం పెట్టె తిండే. గోంగూర పచ్చడి, బుడ్డల పొడి, పప్పుల పొడి, ఊరమిరపకాయలు, పులిహోర గుజ్జు. తల్లి మనసు అది, దాన్ని ఒక్క మాట అనకూడదు. అక్కడ తెలుగు మెస్సులు కూడా ఉన్నాయి. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు, చారు, ఒక వేపుడు, వారానికి ఒకట్రెండు సార్లు కోడికూర. పరీక్షల ముందు జ్వరం వచ్చిన పిల్లకు ఆ చారన్నం మందుతో సమానం. మెస్సు ఉండాలి. కానీ ఐదారేళ్లు ఒక ఊళ్లో బతికి, ఆ ఊరి వాళ్లు వండి పెట్టే అన్నం ముందు ఒక్కసారైనా కూర్చోకుండా తిరిగి వచ్చే పిల్లలు ఉన్నారు. "వాళ్ల తిండి మనకు పడదు" అన్న ఒక్క మాటతో ఆ తలుపు మూసేస్తున్నారు. ఆ మాట నిజం కాదని చెప్పడానికే నేనీ మైకు ముందు కూర్చున్నాను.

ముందు అక్కడి హోటల్ ఎలా ఉంటుందో చెప్తాను. పెద్ద మాల్‌లో అద్దాల గదుల హోటళ్ల సంగతి పక్కన పెట్టండి. మామూలు జనం తినే చోటును కరిందెరియా అంటారు. మన పూటకూళ్లిల్లు లాంటిదే. ఒక కుటుంబం నడుపుతుంది. ముందు బల్ల మీద కూర గిన్నెలు వరసగా పెట్టి మూతలు వేసి ఉంచుతారు. మెనూ కార్డు ఉండదు. మీరు ఒక్కో మూత ఎత్తి చూడొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. నచ్చినదాన్ని వేలితో చూపిస్తే చిన్న గిన్నెలో వేసిస్తారు. అన్నం కప్పు లెక్కన విడిగా ఇస్తారు. వడ్డించే ఆమె మనకన్నా పెద్దదైతే అక్క అని, ఆయనైతే అన్న అని వాళ్ల భాషలో పిలవడం అక్కడి మర్యాద. మన పిల్లలకు ఆ మర్యాద ఎవరూ నేర్పనక్కరలేదు. చెంచా కుడిచేతిలో, ఫోర్కు ఎడమచేతిలో పట్టుకుని ఫోర్కుతో అన్నాన్ని చెంచాలోకి తోసుకుని తింటారు. చేత్తో తినడం కూడా వాళ్లకు పాత అలవాటే. పండగ పూట బల్ల నిండా అరటాకులు పరిచి, అన్నం కుప్పగా పోసి, చుట్టూ కాల్చిన చేపలు, రొయ్యలు, కాయగూరలు పెట్టి, అందరూ చుట్టూ చేరి చేత్తో తింటారు. కాబట్టి మన పిల్లలు అక్కడ చెయ్యి పెట్టి తినడానికి సిగ్గుపడనక్కరలేదు.

ఇక మనవాళ్లు చేసే మొదటి ఫిర్యాదు చూద్దాం. "అంతా చప్పగా ఉంది." గుంటూరు వాళ్లకే కారం నేర్పగల సీమ మనది, కాబట్టి ఈ ఫిర్యాదు ఇక్కడినుంచి ఇంకా గట్టిగా వస్తుంది. దవావోలో చదివిన మా అన్న కూతురిని చూడ్డానికి వెళ్లినప్పుడు, కాలేజీకి దగ్గర్లోని ఒక కరిందెరియాలో సినిగాంగ్ అనే పులుసు తెప్పించింది. బంగూస్ అనే చేప, ముల్లంగి, బెండకాయ, వంకాయ, పొడుగు అలసంద కాయలు, టమోటా, తూటికూర వేసి, పచ్చి చింతకాయలు ఉడికించి పిసికిన రసంతో చేసింది. పోపు లేదు, పసుపు లేదు, కారప్పొడి లేదు. పొడుగాటి పచ్చిమిరపకాయ ఒకటి పైన తేలుతోంది. నేను ఒక చెంచా తాగి ఊరుకున్నాను. ఆ పిల్ల నా ముఖం చూసి, "చిన్నాయనా, అది ఇంకా అయిపోలేదు, ఆ చిన్న గిన్నె ఇటు తీసుకో" అంది. ఆ గిన్నెలో చేపల నుంచి తీసే ఉప్పటి రసం, దాన్ని పాతిస్ అంటారు. అందులో రెండు చిన్న ఎర్ర మిరపకాయలు నలిపి, కలమాన్సీ అనే గోలీ అంత నిమ్మకాయ పిండింది. చేపముక్కను అందులో అద్దుకుని తిని, పైన పులుసు తాగమంది. అప్పుడు నాలుక మీద మన చింతకాయ పులుసు వచ్చి కూర్చుంది.

ఆ భోజనాన్ని అర్థం చేసుకోవడానికి తాళంచెవి ఇక్కడే ఉంది. మన ఇళ్లలో ఉప్పు, పులుపు, కారం ఎంతుండాలో పొయ్యి దగ్గరే తేలిపోతుంది. వండిన వాళ్లదే తీర్పు. పళ్లెంలో పడ్డాక ఉప్పు కలుపుకుంటే వండినామె చిన్నబుచ్చుకుంటుంది. ఫిలిప్పీన్స్‌లో వండినామె సగం దూరం తీసుకొచ్చి, మిగిలిన సగం తినేవాడికి వదిలేస్తుంది. అందుకే ప్రతి బల్ల మీదా వెనిగర్ సీసా, సోయా సాస్, చేపరసం, నిమ్మకాయలు, మిరపకాయలు ఉంటాయి. వెనిగర్‌లో వెల్లుల్లి, మిరియాలు, మిరపకాయలు ఊరేసి ఉంచుతారు. ఒక్కో కూరకు ఒక్కో జోడీ. కాల్చిన కోడికి సోయా, నిమ్మ, మిరపకాయ. వేయించిన చేపకు కారపు వెనిగర్. వీటిని ముట్టకుండా కూర ఒక్కటే నోట్లో వేసుకుని చప్పగా ఉందనడం ఆ వంటకు అన్యాయం. కారం కావాలంటే "సిలి" అని అడగండి. వాళ్ల చిన్న మిరపకాయ సిలింగ్ లబుయో ఘాటు మన గుంటూరు కాయను మరిపిస్తుంది.

ఈ పద్ధతి పూర్తిగా కనబడేది కరె-కరె అనే కూరలో. మన సీమవాళ్లకు నేను ఎంతో ఇష్టంగా పరిచయం చేసే వంటకం ఇదే, ఎందుకంటే ఇది బుడ్డల కూర. వేయించిన వేరుశనగ గింజలు నూరి, వేయించిన బియ్యం పిండి కలిపి చిక్కబరుస్తారు. అందులో వంకాయ, అరటిపువ్వు, పొడుగు అలసంద కాయలు, ఆకుకూర. జాఫ్రా గింజలతో రంగు తెస్తారు. కూరలో ఉప్పు దాదాపు వెయ్యరు. పక్కన బగోంగ్ అనే పులియబెట్టిన రొయ్యపొట్టు ముద్ద పెడతారు. అన్నంలో కరె-కరె కలుపుకుని, ఆ ముద్దను చిటికెడు నంజుకుంటూ తినాలి. సంగటి ముద్ద మీద ఊరుబిండి నంజుకుని పెరిగిన నాలుకకు ఇది కొత్త పాఠం కాదు. ఒక హెచ్చరిక చెప్పాలి. ఈ కూర మామూలుగా ఎద్దుతోకతో, పొట్టపేగులతో చేస్తారు. ఎద్దుమాంసం తినని వాళ్లు కూరగాయలతోనో, రొయ్యలు చేపలతోనో చేసింది అడిగి తెప్పించుకోవాలి.

ఈ కూర వెనక ఒక చరిత్ర ఉంది. 1762లో ఇంగ్లీషు వాళ్లు స్పెయిన్ మీద యుద్ధంలో భాగంగా మద్రాసు నుంచి ఓడలు నడిపి మనిలాను పట్టుకున్నారు. ఆ దండులో ఈస్టిండియా కంపెనీ సిపాయిలు చాలామంది మద్రాసు వైపు వాళ్లు. 1764లో ఇంగ్లీషు వాళ్లు మనిలా వదిలి వెళ్లేటప్పుడు కొందరు సిపాయిలు తిరిగి ఓడ ఎక్కలేదు. మనిలా పక్కన కైంతా అనే ఊళ్లో స్థిరపడి, అక్కడి ఆడవాళ్లను పెళ్లాడి ఉండిపోయారు. వాళ్ల సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. సొంతూరి కూర మీద బెంగతో ఆ సిపాయిలు దొరికిన వాటితో చేసుకున్నదే కరె-కరె అని అక్కడొక కథ చెప్పుకుంటారు. పంపంగ జిల్లా వాళ్లు దాన్ని ఒప్పుకోరు, ఆ కూర పుట్టిల్లు తమదే అంటారు. ఆ తగువు తీర్చడం నా పని కాదు. మన కడప అప్పటికి ఇంకా కంపెనీ చేతికి పోలేదు, దత్తమండలాలుగా 1800లో గానీ పోలేదు. కాబట్టి ఆ సిపాయిల్లో మనవాళ్లున్నారని నేను చెప్పను. అయితే మద్రాసు రేవు నుంచి పోయిన మనుషులు ఆ దేశపు పళ్లెం దగ్గర కూర్చుని మళ్లీ లేవలేదన్న సంగతి మాత్రం గట్టి చరిత్ర.

వేరుశనగ కూడా సముద్రాలు దాటి తిరిగిందే. 1565 నుంచి 1815 దాకా మెక్సికోలోని అకపుల్కో రేవుకూ మనిలాకూ మధ్య స్పెయిన్ ఓడలు నడిచాయి. వేరుశనగ, మొక్కజొన్న, టమోటా, మిరప, బొప్పాయి అన్నీ అమెరికా ఖండాల పంటలే. ఆ ఓడల్లో ఫిలిప్పీన్స్ చేరాయి. మన చిత్తూరు పొలిమేర దాటితే తమిళనాడు ఉత్తర జిల్లాల్లో వేరుశనగను మనిలా అనే పిలిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కదిరి పరిశోధన కేంద్రం కొత్త రకాలు తీస్తే ఎదురు చూసే రైతులున్న సీమ మనది. అలాంటి సీమ పిల్లలు బుడ్డల కూర దొరికే దేశంలో ఉండి రుచి చూడకుండా రావడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అన్నం సంగతికి వస్తాను. ఆ దేశంలో మూడు పూటలా అన్నమే. పొద్దున్నే రాత్రి మిగిలిన అన్నాన్ని వెల్లుల్లితో వేయించి, గుడ్డుతో, ఎండబెట్టిన చేపతోనో ఊరేసిన మాంసంతోనో తింటారు. అక్కడి లోస్ బాన్యోస్‌లో 1960లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ మొదలైంది. 1966లో అది ఐఆర్ 8 విడుదల చేస్తే, మరుసటి ఏడే పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే యువ రైతు దాన్ని పండించి దేశమంతా మాట్లాడుకునేలా చేశారు. తర్వాత ఆ సంస్థదే ఐఆర్ 64 అనే రకం వచ్చింది. దాన్ని మారుటేరు వరి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు మన కృష్ణవేణి రకంతో సంకరం చేసి ఎంటీయూ 1010 తీశారు. అదే మన రైతులు కాటన్ దొర సన్నాలు అనేది. 2025 మార్చి 31న కాకినాడ రేవు నుంచి తెలంగాణ ప్రభుత్వం ఫిలిప్పీన్స్‌కు బియ్యం ఓడ పంపింది. మొదటి విడత 12,500 టన్నులు. ఆ బియ్యం ఎంటీయూ 1010. అక్కడి విత్తనపు సంతానం ఇక్కడి మళ్లలో పండి, మళ్లీ ఆ దేశపు కుండల్లోకే అన్నమై పోయింది. దవావోలో మన పిల్ల పళ్లెంలో అన్నాన్ని పరాయిది అనడానికి ఇక ఏం మిగిలింది?

కర్నూలు-కడప (కేసీ) కాలవ కింద ఊళ్లు తప్పిస్తే, మన సీమలో వరి అన్నం ఒకప్పుడు పండగ తిండి. మిగిలిన రోజులు జొన్న, కొర్ర, రాగి. సెబూ ద్వీపంలోనూ, దవావో ఉన్న మిందనావో ద్వీపపు పల్లెల్లోనూ సరిగ్గా ఇదే కథ. మెట్ట నేలల్లో వరి పండక, తెల్ల మొక్కజొన్నను రవ్వగా విసిరి అన్నంలా వండుకుని బతికారు. పేదల తిండి అని చిన్నచూపు చూసిన ఆ మొక్కజొన్న అన్నాన్ని, షుగరు వ్యాధికి మంచిదని ఇప్పుడు వెతికి కొనుక్కుంటున్నారు. మన కొర్రలకు పట్టిన యోగమే దానికీ పట్టింది. కరిందెరియాలో అది కనబడితే వదలకండి. ఎండుచేపతో తింటే చాలా బాగుంటుంది.

కూరగాయల్లో మీకు తెలియనివి తక్కువ. పినక్బెత్ అనే కూరలో కాకరకాయ, వంకాయ, బెండకాయ, గుమ్మడికాయ కలిసి ఉంటాయి. తినోలా అనే కోడి రసంలో అల్లం, పచ్చి బొప్పాయి, మునగాకు వేస్తారు. మునగాకు వాళ్లకు బాలింత తిండి. పాలు పడతాయని నమ్మకం. శుక్రవారం నాడు చాలాచోట్ల పెసలు ఉడికించి పప్పు చేస్తారు. చామాకును కొబ్బరిపాలలో, మిరపకాయలతో ఇగరబెట్టేది బికోల్ ప్రాంతపు వంట. ఆ కారం చూస్తే మనవాళ్లు లేచి నిలబడి మెచ్చుకుంటారు. శాకాహారులు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. కూరగాయ వంటకం అని కనబడినదాంట్లో రొయ్యపొట్టు ముద్దో, చేపరసమో, పెసరపప్పులో పంది ముక్కలో ఉండడం మామూలు. "మాంసం లేదు కదా" అంటే చాలదు. పంది, చేప, రొయ్య, బగోంగ్ అని ఒక్కోటి పేరు పెట్టి అడగాలి. పెరుగు కూడా ఆ భోజనంలో ఉండదు. మజ్జిగన్నంతో ముగించకపోతే తిన్నట్టే ఉండదనే వాళ్లకు మెస్సే శరణ్యం, కాదనను.

కర్నూలు, కడప ముస్లిం కుటుంబాల పిల్లలకు ఒక శుభవార్త, అక్కడ హలాల్ హోటళ్లు ఉన్నాయి. ఆ హోటళ్లకు హిందువుల పిల్లలు కూడా వెళ్లాలని నేను గట్టిగా చెప్తాను. దవావో ఉన్న మిందనావో ద్వీపంలో తరతరాల ముస్లిం సమాజాలున్నాయి. మరనావ్, మగిందనావ్, తౌసుగ్ అని వాళ్లకు వేర్వేరు తెగలు. వాళ్ల వంటలో పంది ఉండదు, పసుపు ఉంటుంది, అల్లం, కొబ్బరి, మిరపకాయ దండిగా ఉంటాయి. అరటాకులో అన్నం చుట్టి, పైన సన్నగా చీల్చి వండిన కోడిమాంసం పెట్టి ఇచ్చే పాస్తిల్ విద్యార్థుల జేబుకు సరిపోయే తిండి. మరనావ్ వాళ్లు ఉల్లికాడలు, అల్లం, మిరపకాయలు, కొబ్బరి దంచి పలపా అనే కారం చేస్తారు. రోట్లో దంచిన పచ్చడి లేక అల్లాడిపోయే సీమ పిల్లలు మొదటిరోజే దాన్ని వెతుక్కోవాలి.

పంది రక్తంతో చేసే దినుగువాన్, పిల్ల పెరుగుతున్న బాతుగుడ్డు బలుత్ అందరికీ పడవు. ఇష్టం లేకపోతే నవ్వుతూ వద్దనండి, బలవంతపెట్టరు. ముఖం మాత్రం చిట్లించకండి. తలకాయ కూర, బోటి, రక్తం వేపుడు ఇష్టంగా తినే ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లం మనం. తీపి వంటలకు వస్తే, బియ్యం పిండి ఆవిరి మీద ఉడికించే పుతో తీపి ఇడ్లీ అనుకోండి. కింద, పైన నిప్పులు పెట్టి కాల్చే బిబింగ్కా క్రిస్మస్ రోజుల్లో చర్చిల ముందు వేడివేడిగా దొరుకుతుంది. పొద్దున్నే వీధుల్లో కావడి మోస్తూ అమ్మే తాహో, అంటే మెత్తటి సోయా జున్నులో బెల్లప్పాకం, సగ్గుబియ్యం, తప్పక తాగాల్సింది.

ఇక్కడే ఉండి రుచి చూడాలనుకునే వాళ్లకు అడోబో తేలిక. అర కిలో ఎముక ఉన్న కోడిమాంసం, చితక్కొట్టిన వెల్లుల్లి పది రెబ్బలు, ఒక చెంచా మిరియాలు, రెండు బిర్యానీ ఆకులు, అర కప్పు సోయా సాస్, అర కప్పు వెనిగర్. మన దగ్గర దొరికే తెల్ల వెనిగర్ ఘాటెక్కువ, దాన్ని సగం నీళ్లతో పల్చన చేసి కొలవండి. అన్నీ గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాక, పొంగు వచ్చి వెనిగర్ పచ్చివాసన పోయేదాకా గరిటె పెట్టి కలపకూడదు. ఆ తర్వాత సన్నసెగ మీద ముక్క మెత్తబడి, రసం చిక్కబడేదాకా ఉంచండి. సోయాలోనే ఉప్పు ఉంటుంది, వేరే వెయ్యొద్దు. మర్నాటికి ఇంకా రుచి పెరుగుతుంది.

దవావో నుంచి, సెబూ నుంచి సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలకు నా విన్నపం. ఈసారి ఒక పూట వంటింటి పెత్తనం మీరు తీసుకోండి. మన పెరటి చింతకాయలతోనే సినిగాంగ్ కాచి, పక్కన మిరపకాయ నలిపిన గిన్నె పెట్టి, అమ్మానాన్నలకు మీ చేత్తో వడ్డించండి. వాళ్ల బిడ్డకు ఇన్నేళ్లు అన్నం పెట్టిన ఊరి రుచి ఏమిటో వాళ్లకు తెలియాలి. తల్లిదండ్రులారా, మీరు ఫోన్‌లో "మెస్సులో ఏం పెట్టారు?" అని రోజూ అడుగుతారు. ఈ ఆదివారం "ఆ ఊరి వాళ్ల హోటల్‌కు వెళ్లావా, ఏం తిన్నావు?" అని కూడా అడగండి.